యాభై ఏడో చిలక

ఛప్పన్న దేశాలకూ నడిబొడ్డున, ఎండ పడలేక మబ్బులు వచ్చి కాళ్లు చాపుకుని కూర్చునేంత ఎత్తున, త్రాసుకొండ ఉంది. దాని తూర్పు చరియ తెల్లని స్ఫటికం, పడమటి చరియ నిగనిగలాడే నల్లరాయి. శిఖరం మీద వరుసకంబం. కంబానికి యాభై ఆరు గూళ్లు, గూటికొకటి చొప్పున యాభై ఆరు కంచు చిలకలు, వాటికి కెంపుల కళ్లు, పచ్చల రెక్కలు. ఏడాదిలో మూడువందల అరవై నాలుగు రోజులు అవి ఉలకవు, పలకవు. మిగిలిన ఒక్క రోజు సాయంత్రం మాత్రం వాటికి ప్రాణం వస్తుంది. బాగుపడిన దేశపు చిలక పై గూటికి ఎగురుతుంది, చెడిన దేశపు చిలక కింది గూటికి జారుతుంది. అప్పుడవి అరిచే అరుపు ఛప్పన్న రాజధానుల్లోనూ వినిపిస్తుంది.

దాన్ని నిలబెట్టినవాడు సంఖ్యాసిద్ధుడనే మాంత్రికుడు. పాపం, ఆయనది మంచి ఉద్దేశమే. కత్తులతో పోట్లాడుకునే బదులు మంచిలో పోటీ పడండర్రా అన్నాడు. ముప్ఫై రెండు కొలతలు పెట్టాడు. ఏనుగులు, బావులు, చదువు, వైద్యం, అతిథి మర్యాద, అలా. మొదటి పదేళ్లు రాజులు నిజంగానే బావులు తవ్వించారు. ఆ తర్వాత వాళ్లకు తెలివి పెరిగింది.

ఏనుగులనే తీసుకోండి. ఏడు దేశాల వాళ్లు కూడబలుక్కుని ముప్ఫై రెండు ఏనుగులను ఉమ్మడిగా పెట్టుకున్నారు. కొలగాడు, అంటే సిద్ధుడి తరఫున కొలవడానికి వచ్చే మనిషి, ఒక దేశం దాటగానే వాటికి కొత్త రంగు పూసి పక్క దేశానికి తోలేవారు. కొన్నాళ్లకు కొలగాడి గంట వినపడితే చాలు, మావటీలతో పనిలేకుండా అవే సరిహద్దు దారి పట్టేవి. ఇంకొక మహారాజు, తన దేశంలో సంతకం రానివాడు ఉండకూడదని ప్రజలందరి పేర్లూ 'ర' అని మార్పించాడు. సంతకాలు నూటికి నూరు వచ్చాయి గాని, సంతలో ఎవరు ఎవర్ని పిలిచినా ఊరంతా తిరిగి చూసేది.

నవ్వులాట ఎంతసేపు? గూళ్లను బట్టే వియ్యాలు, గూళ్లను బట్టే సంధులు. ముప్ఫయ్యో గూటి రాజుకు ఇరవయ్యో గూటి రాజు ఎదురొస్తే పల్లకి దిగి నిలబడాలి. పన్నెండేళ్లుగా మొదటి గూటిలో పాతుకుపోయిన ధారాపురపు రాజు రణరంగభైరవుడికి ఈ మర్యాదలు కూడా చాల్లేదు. ఈ ఏడు అందరి చేతా ఒక ఒడంబడిక మీద ముద్ర వేయించాడు. అందరికన్నా కింది గూటిలో తేలిన దేశం మొదటి గూటి దేశపు సంరక్షణలోకి వెళ్లాలి. మేకను పులి సంరక్షించినట్టేననుకోండి. అయినా అందరూ ముద్ర వేశారు. ఆ ఆఖరివాడు తనే అవుతానని ఎవరనుకుంటారు?

అనుకున్నవాడు ఒక్కడు, నిరుడు యాభై అయిదో గూటిలో ఉన్న మణిగండ్ల రాజు. ఆయన మంత్రి కర్దముడు ముప్ఫై రెండు కొలతల జాబితా చదివి, వాటిలో ఒకదాని దగ్గర వేలు పెట్టాడు. 'అడిగి బతికేవాళ్లు ఎందరు' అన్నది ఆ కొలత. వారం రోజుల్లో దేశంలోని బిచ్చగాళ్లను, కుంటివాళ్లను, గారడీవాళ్లను, పగటివేషగాళ్లను పోగుచేసి తుంగమాల ఏట్లోకి తెప్పల మీద తోలించాడు. అవతలి గట్టు దుందుభి దేశం. అక్కడి మంత్రి కూడా సరిగ్గా అదే జాబితా చదివాడు, అదే వేలు అక్కడే పెట్టాడు. రెండు దేశాల తెప్పలూ నడిఏట్లో ఢీకొన్నాయి. ఈ గట్టుకు వస్తే బల్లేలు, ఆ గట్టుకు వస్తే బాణాలు. రెండువందల పన్నెండు మంది తెప్పలన్నీ కలిపి కట్టుకుని ఎనిమిది రోజులుగా నడినీళ్లలో ఉన్నారు. తాళ్లు నానిపోతున్నాయి, అడుగు దుంగలు కుళ్లిపోతున్నాయి. మణిగండ్ల ధారాపురం చేతికి పోతే వాళ్లకు ఏ గట్టూ ఉండదు.

ఆ తెప్పల మీదివాడే మన తిప్పడు. ఏడు తరాల పగటివేషాల వంశంలో పుట్టినవాడు. రాజు, జంగం, కోమటి, తలారి, ఏ వేషమైనా కట్టేవాడు, ఆఖరికి గర్భిణీ స్త్రీ వేషం కట్టినా మంత్రసానులు వెంటపడేవారు. ఆ వంశానికొక కట్టుబాటుంది. వేషం కట్టాక పొద్దు గూకేదాకా ఆ వేషపు ధర్మం దాటకూడదు. వైద్యుడి వేషంలో ఉండగా నిజంగా జ్వరమొచ్చినవాడు ఎదురుపడితే తిప్పడి తాత వాణ్ణి భుజాన వేసుకుని మూడు కోసులు నడిచి మందిప్పించాడు. పొద్దు గూకాక రంగు కడిగేసి, సొంత మొహంతో వచ్చి, ఏం కావాలో అప్పుడు అడగాలి. రంగు మొహంతో అడిగితే అది మోసం. కర్దముడి జాబితాలో ఈ తేడాకు చోటు లేదు, అందరినీ కలిపి బిచ్చగాళ్లన్నాడు.

ఆ ఉదయం దుందుభినుంచి మణిగండ్లకు పోతున్న గాలిపల్లకి, మోస్తున్న గండభేరుండం బరువుకు ఆగలేక, తెప్పల మీద దిగింది. అందులోనుంచి కొలగాడు ఏకాక్షుడు బయటికి దొర్లాడు. నడిచి రాలేదు, దొర్లే వచ్చాడు. అతిథి మర్యాద కూడా ఒక కొలతే కదా. యాభై అయిదు దేశాల వాళ్లు యాభై అయిదు విందులు పెట్టారు, కాదన్నచోటల్లా గొంతులో కూరారు. ఆఖరిది దుందుభి వాళ్ల విందు, అరవై నాలుగు పిండివంటలతో. అరిసె ఇంకా దవడలోనే ఉంది. తెప్ప మీది ముసలమ్మ ఒకామె శొంఠి కషాయం పట్టించి చాప మీద పడుకోబెట్టింది. ఏకాక్షుడు గుర్రు పెట్టాడు.

ఇంకా కొలవవలసింది మణిగండ్ల ఒక్కటే. తిప్పడు భార్య వైపు చూశాడు. చెంగల్వ రంగుల పెట్టె అప్పటికే తెరిచి పెట్టింది. మొగుడి మొహానికి పచ్చటి అర్దళం రంగు పూస్తూ ఆమె ఒకే ఒక్క మాట అంది.

"నాలుగు మంచి అంకెలేసి రా మావా. ముందు కాలు పెట్టుకోను గట్టుంటే, ఆనక కర్దముడి సంగతి నేను చూసుకుంటా."

పచ్చని మొహం, ఒంటి మీద ఏకాక్షుడి బట్టలు, కంటి మీద నల్లగుడ్డ, చేత వాడి గంట, భుజాన కొలతాడు, చంకలో తాటాకుల కట్ట. తిప్పడు మాయమై కొలగాడు నిలబడ్డాడు. అక్కడే వచ్చింది తిరకాసు. వేషం కుదరగానే ధర్మం కూడా పట్టుకుంది. కొలగాడన్నాక ముందు నిలబడ్డ చోటు కొలవాలి. చెయ్యి తిరగడానికన్నట్టు అతను ఒక ఆకు తీసి తెప్పలనే కొలవడం మొదలుపెట్టాడు. అడిగి బతికేవాళ్లు? ఒక్కరూ లేరు, అడగడానికి ఎదుటివాడి దగ్గర ఏముంది గనక. ఏనుగులు? అరువు తెచ్చినది ఒక్కటీ లేదు. నీళ్లు? నాలుగు దిక్కులా. వైద్యం? పిలవని అతిథికి కూడా అందింది. అతిథి మర్యాద? గుర్రు పెడుతూనే ఉంది. తలుపు వేసి ఉన్న ఇళ్లు? తలుపులే లేవు. ఉన్న ఒక్క చేపల పులుసు కుండ రోజూ చివర కూర్చున్నవాడి దగ్గరనుంచి వడ్డన మొదలయ్యేది. అదీ రాశాడు. ఆ ఆకు నడుములో దోపుకుని పల్లకి ఎక్కాడు.

పల్లకి లేచింది. గండభేరుండానికి రెండు తలలు కదా, ఏ తల మొదటిదన్న తగువు వాటి మధ్య పుట్టుకనుంచీ ఉంది. ఒకటి కుడికి లాగితే ఇంకొకటి ఎడమకి లాగింది. తిప్పడు తాటితోపు మీద తలకిందులుగా ఒకసారి, చెరువు మీద పక్కవాటుగా ఒకసారి ఎగిరి, మణిగండ్ల కోట ముంగిట నడుము విరిగేట్టు పడ్డాడు. కర్దముడు పూర్ణకుంభంతో ఎదురొచ్చాడు. మాగాణంతా పచ్చగా మెరుస్తోంది. తిప్పడు వంగి పట్టుకుంటే పైరు కాదది, పరిచిన పచ్చ గుడ్డ. బావులు నూరు, ప్రతి బావిలోనూ అడుగున తళతళలాడే నీళ్లు. కొలగాడు రాయి వేసి చూడాలి. వేయొద్దురా వేయొద్దురా అని తిప్పడి మనసు మొత్తుకుంటూనే ఉంది, చెయ్యి వేసేసింది. రాయి ఛళ్లుమంది. అడుగున ఉన్నది అద్దం.

రెండో బావిలోనూ ఛళ్లు, మూడో బావిలోనూ ఛళ్లు. కర్దముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. తిప్పడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన దేశం, తన వాళ్లు. మంచి అంకె వేద్దామని గంటం మూడుసార్లు ఎత్తాడు. మూడుసార్లూ తాత గుర్తొచ్చాడు. 'అద్దాలు నూరు, నీళ్లు సున్న' అని రాసి, ముక్కు చీదుకుని, పల్లకి ఎక్కాడు.

త్రాసుకొండ చేరేసరికి మూరెడు పొద్దుంది. శిఖరమంతా రాజులే. కిరీటాల తళుకుకు కాకులు దారి తప్పి ఒకదానికొకటి గుద్దుకుంటున్నాయి. రణరంగభైరవుడు వెండిరథం మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అతని పక్కన విలుకాడు అగ్గిబాణం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ బాణం ఆకాశంలో కనిపించిందా, ఏటి దగ్గర కాచుకున్న ధారాపురపు సేన మణిగండ్ల గట్టు దాటుతుంది. మణిగండ్ల రాజు శాంతవర్మ ఒక బండ వెనక చేరి ఇష్టదైవాలందరికీ తలా ఒక కొబ్బరికాయ మొక్కుకుంటున్నాడు.

సంఖ్యాసిద్ధుడు మోకాళ్లదాకా గడ్డం వేలాడుతుండగా హోమగుండం ముందు కూర్చున్నాడు. ఒక్కొక్క తాటాకూ అందుకుని మంటలో వేస్తుంటే ఒక్కొక్క చిలకకూ ప్రాణం వచ్చింది. రెక్కలు టపటపలాడాయి. ఒకటి మూడు గూళ్లు ఎగిరింది, ఒకటి తొమ్మిది గూళ్లు జారింది. ఎగిరినవాడి మెడలో అప్పటిదాకా పలకరించనివాళ్లు దండలేశారు. జారినవాడి కూతురికి అప్పుడే కుదిరిన పెళ్లి అప్పుడే తప్పిపోయింది, పెళ్లికొడుకు తండ్రి తాంబూలం నమలడం కూడా ఆపలేదు. ఆఖరి ఆకు మణిగండ్లది. అది మంటలో పడగానే ఆ దేశపు చిలక కెవ్వుమని, గుడ్డి గవ్వలా దొర్లుకుంటూ వచ్చి, అట్టడుగు గూటిలో పడింది.

జానెడు పొద్దుంది. భైరవుడు లేచి మీసం దువ్వాడు. విలుకాడు నారి సారించాడు. తిప్పడు ఏడుద్దామన్నా కొలగాడు ఏడవకూడదు, బతిమాలుదామన్నా పొద్దు గూకేదాకా అడగకూడదు. చేతులు నలుపుకోబోతే నడుములో ఏదో గుచ్చుకుంది.

కొలగాడు కొలిచినది ఏదీ దాచకూడదు కదా! తిప్పడు గబగబా ముందుకు నడిచి, సిద్ధుడి ముందు వంగి, ఇంకొక ఆకు ఉంది స్వామీ అని చెప్పి, తెప్పల ఆకు తీసి మంటలో వేశాడు.

మంట పచ్చగా లేచింది. కొండ కదిలింది. కంబం నిలువునా మూలిగి, దాని అడుగున రాయి పగిలి కొత్త గూడొకటి తెరుచుకుంది. యాభై ఏడో గూడు. అందులోనుంచి తడిసి ముద్దయిన చిలక ఒకటి బయటికి వచ్చి, కంబం కొసకు ఎగిరి, ఒళ్లు విదిలించుకుంది. ఆ నీళ్లు యాభై ఆరు కిరీటాల మీద పడ్డాయి.

"మొదటి గూడు, నడిఏటి దేశం," అని అరిచింది చిలక. "ముప్ఫై రెంటికి ముప్ఫై రెండు."

అంతే, ధారాపురపు చిలక ఒక గూడు కిందికి జారింది. కింద ఉన్నదాని నెత్తి మీద పడింది. అది దాని కిందిదాని మీద పడింది. యాభై ఆరు చిలకలూ తిట్టుకుంటూ, రక్కుకుంటూ, తలా ఒక గూడు దిగాయి. మణిగండ్ల యాభై ఏడోది. ఒడంబడిక రాసింది భైరవుడే, ముద్ర వేయించింది భైరవుడే. అడుగు గూటి దేశం మొదటి గూటి దేశపు సంరక్షణలోకి వెళ్లాలి. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక బండ వెనకనుంచి శాంతవర్మ తల బయటికి పెట్టాడు. అటు యాభై మంది రాజులు, ఆ దేశమెక్కడుందో తెలియకపోయినా సరే, ముందు మా రాయబారి వెళ్లాలంటే మా రాయబారి వెళ్లాలని తోసుకోవడం మొదలుపెట్టారు. వాళ్లలో ఒకాయన, నడిఏటి దేశం వాళ్లు తనకు తల్లివైపు చుట్టాలని కూడా చెప్పుకున్నాడు.

భైరవుడు ఒక్కడే తొణకలేదు. ఆ దేశానికి రాజెవరో చూపించమన్నాడు. సిద్ధుడు గడ్డం నిమురుకుని ఒప్పుకున్నాడు. పొద్దు గూకేలోగా ఆ దేశాన్ని ఏలేవాళ్లు వచ్చి కంబం మీద చెయ్యి వేయాలి. లేకపోతే కొత్త గూడు మూసుకుపోతుంది, చిలకలన్నీ ఎక్కడివక్కడికి పోతాయి.

బెత్తెడు పొద్దుంది. తిప్పడు వెళ్లడానికి లేదు, లెక్క తేలేదాకా కొలగాడు కంబాన్ని వదలకూడదు. అతను తడిచిలకను చెయ్యెత్తి పిలిచి, నడితెప్ప మీద రంగుల పెట్టె పక్కన కూర్చున్నామెను తీసుకురమ్మన్నాడు. రాణీగారు రావాలని చెప్పమన్నాడు. చిలక రెక్క విప్పితే తాటాకు పందిరంత ఉంది. రివ్వున పోయింది.

బెత్తెడు పొద్దు మూడు వేళ్లయింది. మూడు వేళ్లు రెండయ్యాయి. భైరవుడు నవ్వుతున్నాడు. తిప్పడు ఊపిరి బిగబట్టి పడమర వైపే చూస్తున్నాడు. ఎర్రటి పొద్దులోనుంచి నల్లటి చుక్క ఒకటి వచ్చింది. అది పెరిగి చిలకయింది. చిలక మీద చెంగల్వ!

రాణీగారు రావాలని చిలక చెబితే ఆమె ఏమనుకుందో తెలుసా? ఎవరో రాణి వేషానికి పిలిపించారనుకుంది. పగటివేషాల ఇంట్లో ఆ మాటకు ఇంకో అర్థం ఎప్పుడుంది గనక. తిప్పడి రాణి వేషపు నగలన్నీ దిగేసుకుని, చిలక మీద కూర్చునే అద్దం చూసుకుంటూ రంగు పూసుకుంటూ వచ్చింది. ఒక చెంప సరిగానే కుదిరింది, రెండో చెంప గాలికి చెవిదాకా పోయింది. అట్ట కిరీటం ఒక పక్కకు ఒరిగింది. అయితేనేం, చిలక దిగి ఆమె నడిచిన నడక చూసి యాభై ఆరుగురు రాజులూ తెలియకుండానే దారి ఇచ్చారు. వేషం కట్టింది, ధర్మం పట్టుకుంది. పొద్దు గూకేదాకా ఆమె రాణే. సూర్యుడి ఆఖరి అంచు కొండ వెనక్కి జారుతుండగా చెంగల్వ కంబం మీద అరచెయ్యి వేసింది.

తడిచిలక మొదటి గూటిలోకి ఎగిరి కూర్చుంది. అడుగున కొత్త గూడు మూసుకోలేదు.

పొద్దు గూకింది. వెలుగు ఇంకా ఉంది గాని సూర్యుడు లేడు. యాభై ఆరుగురు రాజులు చూస్తుండగా, ముందు కత్తులున్నాయన్న సంగతి కూడా మరిచిపోయి, తిప్పడి చెయ్యి ఏడు తరాల అలవాటు చొప్పున మొహం మీదికి పోయింది. ఉత్తరీయంతో అర్దళం తుడిచేశాడు. కంటి మీది నల్లగుడ్డ తీసేశాడు. సొంత మొహంతో నాలుగడుగులు నడిచి, అప్పుడు అడిగాడు.

"ఏలినవారూ, నేను తిప్పణ్ణి, పగటివేషగాణ్ణి. ఎనిమిది రోజులుగా నీళ్ల మీదున్నాం. రాసిందంతా నిజమే, కొలిచి చూసుకోండి. మాకు కాలు పెట్టుకోను ఒక గట్టు కావాలి."

ఇంతలో కొండ మెట్ల వైపునుంచి ఒక గోల వినవచ్చింది. గోచీ మాత్రం మిగిలిన ఏకాక్షుడు ఎనిమిది మంది దుందుభి బోయీలు మోస్తుండగా మంచం మీద వస్తూ, వాణ్ణి పట్టుకోండి, నా గంట, నా గంట అని కేకలు పెడుతున్నాడు. భైరవుడి కత్తి ఒరలోనుంచి బయటికొచ్చింది. విలుకాడు అగ్గిబాణాన్ని మళ్లీ నారికి తగిలించాడు. వేషగాడి రాత చెల్లదని, వేషగత్తె రాణీ కాదని, రంగు కడిగితే అంతా తేలిపోతుందని భైరవుడు గర్జించాడు. అందరి కళ్లూ చెంగల్వ మీదికి తిరిగాయి. పొద్దు గూకింది, ఆమె కూడా రంగు కడగాలి. కట్టుబాటు అది.

చెంగల్వ చెయ్యి చెంప దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. ఆమె మొగుడి వంక ఒకసారి చూసింది, దూరాన మసకలో మెరుస్తున్న ఏటి వంక ఒకసారి చూసింది. చెయ్యి కిందికి దించి, ఒరిగిన అట్ట కిరీటం సరిచేసుకుంది.

"మణిగండ్ల మా సంరక్షణలోది," అంది. "అడిగినవాడికి ఆ గట్టు నేనిస్తన్నా. శాంతవర్మా, ఇటొచ్చి నా ఎనక నిలబడు. ఆ బాణమేసేవాడెవడో నా ముందుకొచ్చి వెయ్యమనండి."

శాంతవర్మ వచ్చి నిలబడ్డాడు. విలుకాడు నారి వదలకుండా భైరవుడి వంక చూశాడు. పైన తడిచిలక రెక్కలు విప్పి దూకడానికి వంగింది. ఏడు తరాల ఆ వంశంలో పొద్దు గూకాక కూడా విప్పని వేషం అదొక్కటే.